ఉత్తరపు కొన దాకా నేను నడవలేదు

నడిచిన దూరానికి కాళ్ళు నొప్పి పుడతాయి. ఓ పూట పడుకుంటే తగ్గిపోతుంది. నడవని దూరం అలా కాదు. అది మనిషిలోనే ఉండిపోతుంది, ఎన్నేళ్ళయినా తరగదు. నాలో అలాంటి దూరం ఒకటి ఉంది. మహా అయితే ఓ మైలు ఉంటుందేమో. అదీ గట్టిగా చెప్పలేను. చెప్పాలంటే నడిచి ఉండాలి కదా.

బేరింగ్ సముద్రం మధ్యలో, అలాస్కాకు పడమరగా, మనుషులెవరూ ఉండని దీవి ఒకటి ఉంది. దాని ఉత్తరపు కొనలో ఒక వాగు పారుతుంది. ఆ వాగు అవతల కొంచెం తీరం. నేను అక్కడికి వెళ్ళానని చెప్పాను. అంతా చూశానని చెప్పాను. అక్కడ ఏమీ లేదని చెప్పాను. మొదటి రెండూ అబద్ధాలు. మూడోది అబద్ధమో కాదో ఇప్పటికీ తెలియదు. అన్నిటికన్నా నన్ను కుదురుగా కూర్చోనివ్వనిది ఆ మూడోదే.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళకు చెబితే వెంటనే ఏదో ఒకటి అంటారు, "పోనీలే, చిన్నతనం" అనో, "ఇంతకాలం ఎలా దాచావు" అనో. రెండూ వినే ఓపిక నాకు లేదు. మీరు ఊరికే వింటే చాలు.

దీవి పేరు రాయను. దాని మీద పనిచేసినవాళ్ళు కొద్దిమందే, పేరు రాస్తే అందరూ దొరికిపోతారు. దొరకాల్సింది నేనొక్కణ్ణే.

సుధక్క నాకు బంధువు కాదు. నేను ఎమ్మెస్ చదవడానికి న్యూజెర్సీలోని పిస్కాటవే వచ్చిన కొత్తలో మా అపార్ట్‌మెంట్ల వెనక వీధిలో ఉండేది. ఆమెది కోరంగి పక్కన తాళ్ళరేవు. మాది కరీంనగర్ వైపు. నేను "గట్లనే" అంటే ఆమె నవ్వేది, ఆమె "ఆయ్" అంటే నేను నవ్వేవాణ్ణి. చుట్టూ ఉన్నవాళ్ళంతా కంప్యూటర్ల రంగంలోనో, మందుల కంపెనీల్లోనో. ఆమె మాత్రం చరిత్రలో పీహెచ్‌డీ చేస్తోంది. మావాళ్ళ పార్టీల్లో ఆమెను చూసి జాలిపడేవారు. "హిస్టరీయా? దానికి హెచ్-వన్ వీసా ఎవరు చేస్తారమ్మా?" అని ఒకాయన అడిగితే, "చచ్చిపోయిన రాజులు చేస్తారు అంకుల్, వాళ్ళకి కోటా ఉంది" అంది. అలాంటి మనిషి.

ఆమె పరిశోధన ఈ దీవి మీదే. దీన్ని ఎవరెవరు చూశారు, ఎవరెవరు దిగారు, ఎవరు ఏ పేరు పెట్టారు, ఎవరు ఎందుకు వదిలేసి పోయారు. మొదట చూసిన కెప్టెన్ ఓడ దిగనే లేదు. దూరం నుంచి చూసి, ఆ రోజు వచ్చిన పండుగ పేరు పెట్టి వెళ్ళిపోయాడు. తరువాత ఇంకో దేశపు కెప్టెన్ పొగమంచులో వచ్చి, ఇదేదో కొత్త దీవి అనుకుని ఇంకో పేరు పెట్టాడు. ఒకే దీవి రెండు దీవులుగా మ్యాపుల్లో చాలాకాలం ఉంది. తరువాత తిమింగలాల వేటగాళ్ళు, నక్కతోళ్ళ వ్యాపారులు వచ్చారు. యుద్ధకాలంలో రేడియో స్టేషన్ పెట్టిన సైనికులు వచ్చి, తుప్పు పట్టిన డ్రమ్ములు వదిలి వెళ్ళారు. ఎవరూ నిలవలేదు. చలీ, గాలీ, పొగమంచూ.

మ్యాపులు గీసేవాళ్ళకు ఒక ఆచారం ఉంది. కంటితో చూసిన తీరాన్ని నిండు గీతగా గీస్తారు. చూడని తీరాన్ని చుక్కలుగా పెడతారు. "ఇక్కడ భూమి ఉండి ఉండాలి, కానీ మేము చూడలేదు" అని ఆ చుక్కలకు అర్థం. ఆ దీవి పాత మ్యాపుల్లో ఉత్తరపు కొన ఎప్పుడూ చుక్కలే. సుధక్కకు ఆ చుక్కలంటే ఎంత ఇష్టమో చెప్పలేను.

"చూడరా, ఎంత మర్యాదస్తులో," అనేది. "సముద్రం మీద చావుకి తెగించి వచ్చి కూడా, చూడనిది చూడలేదని చుక్కలు పెట్టారు. మా మావయ్యలైతే అక్కడ రోడ్డు గీసి, ప్లాట్లు చేసి అమ్మేసేవారు."

ఆమె అసలు పట్టుదల వేరే ఉంది. ఒక ముసలి నావికుడు హవాయిలో ఒక పాదిరీకి చెప్పిన కథ ఆమెకు ఎక్కడో దొరికింది. తిమింగలాల ఓడ నుంచి విడిపోయిన పడవ ఒకటి పొగమంచులో ఆ దీవికి కొట్టుకొచ్చింది. అందులోని కొద్దిమంది ఒక చలికాలమంతా ఉత్తరపు కొనలో గడిపారు. వాగు దాటాక ఎడమ పక్కన దిబ్బ కింద, నడుమెత్తు రాతిగోడ కట్టుకుని, పైన తిమింగలం పక్కటెముకలు పరిచి, తోళ్ళు కప్పుకుని ఉన్నారు. కొందరు చనిపోయారు. వాళ్ళలో ఒకడు కోరంగి రేవు నుంచి ఏ ఓడ మీదో ఎక్కి, ఓడలు మారుతూ అంతదూరం వచ్చినవాడు. రాళ్ళు మోసేటప్పుడు పాడేవాడట. అంతే. అతని పేరు కూడా ఆ కథలో లేదు. ఉన్నది ఊరే.

ఆ కథను చరిత్రకారులెవరూ నమ్మలేదు. రేవుల్లో నావికులు చెప్పుకునే కబుర్లలో ఒకటిగా కొట్టేశారు. సుధక్క నమ్మింది. తన ఊరివాడు ఉన్నాడని మాత్రమే కాదు. ఒకసారి నాతో అంది, "ఆ దీవిని ఓడ మీంచి చూసినవాళ్ళ పేర్లు మ్యాపులో ఉన్నాయి. దాని మీద బతికినవాళ్ళ పేర్లు లేవు. గోడ ఒక్కటి దొరికితే చాలురా, చరిత్ర మొదటి పేజీ మారిపోద్ది."

ఆ గోడ చూసి రావడానికి దొరికినవాణ్ణి నేను.

నేను చదివేది మ్యాపుల సాఫ్ట్‌వేర్. ఆమెకు మార్గదర్శి అయిన ప్రొఫెసరే నాకు అసిస్టెంట్‌షిప్ ఇచ్చాడు, దీవిలో పాత మకాములన్నీ ఎక్కడెక్కడున్నాయో గుర్తించే పనికి. ఆ వేసవిలో ఒక పరిశోధన ఓడ అటు వెళుతోంది. ప్రొఫెసర్ వెళ్తున్నాడు, నేను వెళ్తున్నాను. వెళ్ళాల్సింది సుధక్క. కానీ ఆమెకు అప్పుడు నెలలు నిండుతున్నాయి. ఓడవాళ్ళు ఎక్కనివ్వం అన్నారు. ఆమె ఏడవలేదు. నన్ను భోజనానికి పిలిచి, పులిహోర వడ్డిస్తూ, వాగు ఎటు తిరుగుతుందో పళ్ళెం పక్కన వేలితో గీసి చూపించింది.

"నువ్వు చూస్తే నేను చూసినట్టేరా," అంది.

ఈ వాక్యం దగ్గర ఎప్పుడూ ఆగిపోతాను. లేచి ఇంట్లో అటూ ఇటూ తిరుగుతాను. ఇప్పుడూ అదే చేసి వచ్చాను.

దీవి మీద మాకు వాతావరణం కలిసిరాలేదు. ఓడ మమ్మల్ని దించాక చాలా రోజులు వాన. ఉత్తరపు కొనకు నడవడానికి ఒక్క రోజు మిగిలింది. ఆ రోజు పొద్దున్నే ప్రొఫెసర్, నేను బయలుదేరాం. చెట్టన్నది లేని నేల. అడుగు వేస్తే తడిసిన పరుపులా దిగబడే నాచు. సగం దారిలో ఆయన మోకాలు పట్టేసింది. ఒక రాతి చాటున కూర్చుని, నా చేతికి రేడియో ఇచ్చి, చాలా స్పష్టంగా చెప్పాడు. వెళ్ళగలిగినంత దూరం వెళ్ళు. పొగమంచు దిగితే వెనక్కి వచ్చెయ్. చూడలేకపోతే చూడలేదని రాద్దాం, ఇంకో ఏడాది ఇంకెవరైనా చూస్తారు.

చూశారా? ఎవరూ నన్ను తొందర పెట్టలేదు. చూడలేదని చెప్పడం మా పనిలో సిగ్గుచేటు కాదు. ఉంది, లేదు, చూడలేదు. మూడు జవాబులూ సమానమే. మూడోదానికి మ్యాపులో చుక్కలున్నాయి.

నేను నడిచాను. చాలా దూరమే నడిచాను, ఆ మాట నిజం. ఎత్తు దిగి తీరం వెంట మలుపు తిరిగేసరికి ముందు ఎక్కడో నీళ్ళ చప్పుడు. వాగు. ఇంకాస్త నడిస్తే చేరిపోతాను. అప్పుడే రేడియోలో ప్రొఫెసర్ గొంతు. "ఆర్ యూ దేర్?"

"యెస్. ఐయామ్ దేర్," అన్నాను.

ఎందుకన్నాను? దీని మీద నేను ఎంత ఆలోచించానో మీరు ఊహించలేరు. అబద్ధమాడాలని కాదు. మనవాళ్ళు ఫోన్‌లో "వచ్చేశా, వచ్చేశా, సందు చివరే ఉన్నా" అంటారు చూడండి, ఇంకా ఇంట్లో సాక్సులు వెతుక్కుంటూ. ఎదురుచూసేవాడి మనసు నొప్పించకుండా అనే మాట. వినేవాడికీ తెలుసు, అనేవాడికీ తెలుసు. పుట్టినప్పటి నుంచీ వింటూ పెరిగిన మాట అది. నేను ఆ మాటే అన్నాను. తేడా ఏమిటంటే, అవతల ఉన్నవాడు మనవాడు కాదు. ఆయన దాన్ని అక్షరాలా నమ్మాడు. సరే, నెమ్మదిగా చూడు, అన్నాడు.

రేడియో జేబులో పెట్టుకునేలోపు పొగమంచు దిగింది. సముద్రం వైపు నుంచి గోడలా వచ్చి మీద పడింది. నా బూట్లు నాకు కనిపించలేదు. ఎడమ పక్క కొండ అంచు, కుడి పక్క నీళ్ళు, మధ్యలో నేను. భయపడ్డాను. అంత భయం అంతకు ముందు లేదు, తరువాతా లేదు. అలలు కొట్టుకొచ్చి పడేసిన పెద్ద దుంగ ఒకటి చేతికి తగిలితే దాన్ని ఆనుకుని కూర్చుండిపోయాను. దగ్గర్లో నక్క ఏదో అరిచింది. పక్షుల గోల. వాగు చప్పుడు మాత్రం ఆగలేదు. ఇప్పటికీ షవర్ తిప్పితే ఒక్కోసారి ఆ చప్పుడే వినిపిస్తుంది.

అక్కడ ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ప్రొఫెసర్ మళ్ళీ పిలిచాడు. ఏమైనా కనిపించిందా?

అప్పుడు చెప్పొచ్చు. నేనింకా వాగు దాటలేదు, పొగమంచు, వెనక్కి వస్తున్నా అని. కానీ ఇందాక చేరానన్నాను కదా. చేరినవాడికి ఏదో ఒకటి కనిపించాలి కదా. ఒక్క "యెస్"ను కాపాడుకోవడానికి నోరు దానంతట అదే పనిచేసింది. ఉత్త గులకరాళ్ళు, పక్షులు, అన్నాను. దిబ్బ కింద కూడా చూశాను, ఏమీ లేదు, అన్నాను. దిబ్బ ఉందో లేదో కూడా నాకు తెలియదు.

ఎంట్రన్స్ పరీక్షలకు మాకు కోచింగ్ ఇచ్చిన సారు ఒకటే చెప్పేవాడు. ఏ ప్రశ్నా ఖాళీగా వదలొద్దు, నెగటివ్ మార్కుల్లేవు, ఏదో ఒక బబుల్ నింపెయ్. తెలియదు అని రాసే చోటు ఆ కాగితంలో లేనే లేదు. కొన్నాళ్ళు ఆ సారును తిట్టుకున్నాను. తరువాత మానేశాను. ఆ క్లాసులో నాతోపాటు కూర్చున్నవాళ్ళెవరూ ఇలాంటి పని చేయలేదు. సుధక్కా అవే పరీక్షలు రాసింది.

పొగమంచు పలచబడ్డాక ముందుకు వెళ్ళొచ్చు. కొంత వెలుతురుంది. వెనక్కి తిరిగాను. ఇది మీకు కాక ఎవరికీ చెప్పలేదు. వెళ్ళగలిగీ వెళ్ళలేదు. వెళితే గోడ కనిపిస్తుందేమోనని. కనిపిస్తే, ఇందాక లేదన్నవాణ్ణి ఏమవుతాను?

రాతి చాటున ప్రొఫెసర్ ఇంకోసారి అడిగాడు, ఖాయమేనా, లేకపోతే చూడలేదని రాద్దామని. ఖాయమన్నాను. నా చేతిలోని జీపీఎస్‌లో నేను తిరిగిన దారి నమోదవుతుంది. దాన్ని మధ్యలోనే ఆపేశాను. చలికి బ్యాటరీ పోయిందని చెప్పాను. న్యూజెర్సీకి వచ్చాక మ్యాపు గీసింది నేనే. నడిచిన దారిని వాగు దాటించి, కొన చుట్టూ తిప్పి, చేత్తో గీశాను. ఎన్నో తరాల నావికులు చుక్కలుగా వదిలిన చోట నిండు గీత గీశాను.

తిరిగొచ్చిన మర్నాడు మధ్యాహ్నం సుధక్క ఇంటికి వెళ్ళాను. ఆమె సోఫాలో దిండు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేవబోయింది.

"కూర్చోండక్కా."

"కూర్చోడం కాదు, చెప్పు. ఏంటా మొహం? చలికి మాడిపోయావేంట్రా? చెప్పు చెప్పు. గోడ?"

"లేదక్కా."

"అంటే పడిపోయిందా? రాళ్ళు చెదిరి ఉన్నాయా?"

"ఏం లేదక్కా. ఉత్త గులకరాళ్ళు."

"వాగుంది కదా?"

"ఉంది."

"దాటావా?"

"దాటిన."

"దాటాక ఎడం పక్కకి తిరిగావా? దిబ్బ ఉండాలి. దాని కిందే."

"మొత్తం చూసినక్కా. అంతా తిరిగిన. ఏం లేదు."

లోపల కుక్కర్ విజిల్ వేసింది. ఆమె లెక్కపెట్టుకోలేదు. తరువాత నవ్వింది. అది మామూలు నవ్వే.

"పోన్లేరా. ఇంకెవరైనా లేదని చెప్తే నమ్మేదాన్ని కాదు. నా అంతట నేను ఈదుకుంటూ పోయేదాన్ని. నువ్వు చూశావు కాబట్టి ఇక నిశ్చింత." ఓ క్షణం ఆగి, "పాపం, మా కోరంగి వాడు," అంది. "లేనే లేడన్నమాట."

అన్నం పెట్టింది. తిన్నాను. తిన్నానని రాయడానికి ఇప్పుడు చెయ్యి రావడం లేదు, కానీ తిన్నాను. డబ్బాలో కట్టిస్తే తీసుకున్నాను కూడా.

ఆ పైన జరిగింది పెద్దగా కథ కాదు. ప్రొఫెసర్ పుస్తకంలో ఒక వాక్యం వచ్చింది. ఉత్తరపు కొనను కాలినడకన వెళ్ళి పరిశీలించాం, మకాం ఆనవాళ్ళు లేవు, నావికుడి కథకు ఆధారం లేదు. అంతే. చూడలేదని రాసి ఉంటే మరో ఏడాది ఎవరో వెళ్ళేవారు. లేదని రాశాక ఎందుకు వెళ్తారు? ఆ దీవికి ఓడ దొరకడమే అపురూపం, చూసేసిన చోటికి ఎవరు తిప్పుతారు? ఒకసారి అటు వెళ్ళిన వేరే బృందం ఉత్తరపు కొనను జాబితాలోంచి తీసేసిందని తరువాత విన్నాను. "చూడలేదు" అంటే ఒకరోజు ఇంకెవరో వస్తారు. "లేదు" అంటే ఇక ఎవరూ రారు. నేను పెట్టిన గీత ఆ దీవికి తలుపు వేసింది.

సుధక్క ఆ అధ్యాయం తీసేసింది. అది తీసేస్తే మిగిలిన పరిశోధనలో ప్రాణం లేదు. పాప పుట్టింది. చదువు ఆగింది. తరువాత ఏదో కోర్సు నేర్చుకుని మందుల కంపెనీలో డేటా పనిలో చేరింది. అందరూ సంతోషించారు, "ఇప్పటికైనా దారిలో పడింది" అని. ఆమె ఎప్పుడూ బాధపడినట్టు కనిపించలేదు. కనిపించి ఉంటే నేను చెప్పేసి ఉండేవాణ్ణా? అలా అనుకోవడం నాకు హాయిగా ఉండేది. అది కూడా అబద్ధమే అయి ఉంటుంది.

నేను మ్యాపుల పని వదిలేశాను. కన్సల్టింగ్‌లో చేరి, పార్సిప్పనీలో ఇల్లు కొన్నాను. ప్రొఫెసర్ పోయాడు. ఆయన పోయిన వార్త వచ్చిన రోజు నాకు దుఃఖం కన్నా ముందు ఇంకొకటి కలిగింది. ఇక అడిగేవాడు లేడన్న ఊరట. ఆ క్షణం నన్ను నేను చూసుకున్నంత దగ్గరగా మళ్ళీ చూసుకోలేదు.

ఈ చలికాలం మొదట్లో, ఒక శనివారం, సుధక్క కూతురు మేఘన మా ఇంటికి వచ్చింది. ఆ పాపే. ఇప్పుడు కాలేజీలకు అప్లై చేస్తోంది, దరఖాస్తుతో పాటు ఒక వ్యాసం పంపాలి. తనే కారు నడుపుకుని వచ్చి, కిచెన్ టేబుల్ ముందు లాప్‌టాప్ తెరిచింది.

"అంకుల్, ఒక టెన్ మినిట్స్. నా ఎస్సే కోసం. మీరు ఆ ఐలాండ్ వెళ్ళారు కదా? అమ్మ చెప్పింది."

"ఎస్సే దేని గురించమ్మా?"

"అమ్మ గురించి. లైక్, అమ్మకి ఒక థియరీ ఉండేది. షీ రియల్లీ లవ్డ్ ఇట్. తర్వాత మీరు వెళ్లి చూశారు, అక్కడ ఏం లేదు. సో అమ్మ ఓకే అనేసింది. జస్ట్ లైక్ దట్. ఎవరు అట్లా చేస్తారు? అందరు ఆర్గ్యూ చేస్తారు. అమ్మ ఎవిడెన్స్ చూసి వదిలేసింది. దట్స్ మై హోల్ ఎస్సే, హౌ టు బి రాంగ్."

నేను టీ కప్పు పట్టుకుని ఉన్నాను. కింద పెట్టడం గుర్తురాలేదు.

"ఒక్కటే క్వశ్చన్," అంది. "మీరు ఎగ్జాక్ట్‌గా ఆ స్పాట్ చూశారా? నాకు డీటెయిల్ కావాలి. అమ్మ ఎప్పుడూ అంటుంది, అంకుల్ ఊరికే చెప్పలేదు, హీ వాక్డ్ దేర్."

"చూశానమ్మా," అన్నాను.

అవును. మళ్ళీ. ఈసారి పొగమంచు లేదు, చలి లేదు, భయపడాల్సిన వయసు కాదు. నా వంటింట్లో, పట్టపగలు. పైగా వాగు చప్పుడు ఎలా ఉంటుందో, పక్షులు ఎలా అరుస్తాయో వర్ణించాను. పాపం, ఆ పిల్ల అన్నీ టైప్ చేసుకుంది. "థ్యాంక్యూ అంకుల్, దిస్ ఈజ్ సో గుడ్," అని వెళ్ళిపోయింది.

ఆ తరువాత నాకు నిలకడ పోయింది. ఆఫీస్‌కి వెళ్ళే దారిలో ఎగ్జిట్ దాటిపోయేవాణ్ణి. మీటింగుల్లో నా పేరు పిలిస్తే ఉలిక్కిపడేవాణ్ణి. ఒక మనిషి నా అబద్ధం వల్ల పోగొట్టుకున్నదంతా ఒక ఎత్తు. ఆ పోగొట్టుకోవడాన్నే ఆమె కూతురు ఆమె గొప్పతనంగా రాయడం ఇంకో ఎత్తు. సుధక్క నమ్మింది తప్పు కాదేమో. గోడ అక్కడే ఉందేమో. తల్లి ఎలా ఓడిపోయిందో కూతురు ప్రేమతో రాస్తోంది, ఆ ఓటమిని కల్పించినవాణ్ణి అడిగి వివరాలు సరిచూసుకుని మరీ. ఎస్సే వెళ్ళిపోయాక చెబితే ఏం లాభం? వెళ్ళకముందు చెబితే ఆ ఇంట్లో ఏం మిగులుతుంది? ఇవి నిజంగా వాళ్ళ కోసం వేసుకున్న ప్రశ్నలా, నా కోసమా? ఏది వాళ్ళ మేలు, ఏది నా భయం అని విడదీయడం నాకు చేతకాలేదు. చివరికి విడదీయడం మానేసి కారెక్కాను.

సుధక్క ఆదివారాలు తెలుగు బడిలో పాఠం చెబుతుంది. ఎవరిదో స్కూలు అద్దెకు తీసుకుని నడుపుతారు. నేను వెళ్ళేసరికి పిల్లలు వెళ్ళిపోయారు. ఆమె కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తోంది.

"ఏంట్రా, దారి తప్పి వచ్చావ్? అ ఆలు నేర్చుకుంటావా?" అంది.

నేనూ ఓ కుర్చీ అందుకున్నాను. అది పట్టుకునే చెప్పాను. ముందు అనుకున్న వాక్యం ఒక్కటీ రాలేదు. "అక్కా, నేను వాగు దాటలే," అన్నాను. ఏ వాగని ఆమె అడగలేదు.

"కుర్చీ కింద పెట్టు," అంది.

పెట్టాను. మిగిలింది చెప్పాను. రేడియో, దుంగ, బ్యాటరీ, గీత. పొగమంచు పలచబడ్డాక వెనక్కి తిరిగిన సంగతి కూడా. ఆమె పిల్లల కుర్చీలో కూర్చుంది. మోకాళ్ళు పైకి వచ్చాయి. ఒకే ప్రశ్న అడిగింది.

"వాగు చప్పుడు వినిపించిందా?"

"వినిపించింది."

"అంత దగ్గరికి పోయావన్నమాట."

తిట్టలేదు. తిడితే బాగుండేదని మీరు అనుకుంటారేమో, నేనూ అనుకున్నాను. ఆమె కిటికీలోంచి పార్కింగ్ లాట్ వైపు చూస్తూ ఉంది. ముఖంలో ఏమున్నదో నేను చదవలేకపోయాను. చదివానని చెబితే అది మరో గీత అవుతుంది. తరువాత, నాతో కాకుండా, "అయితే లేడని కాదు," అంది.

నేను క్షమించమని అడగలేదు. అడిగితే ఆమె అలవాటు కొద్దీ పోన్లేరా అనేస్తుందని భయం. ఆ మాట నాకు ఒకసారి ఇచ్చేసింది, దాన్ని నేను తినేశాను.

లేచి బ్యాగ్ సర్దుకుంది. తలుపు దగ్గర ఆగింది. "మేఘనకి నువ్వే చెప్పు. నా నోటితో నేను చెప్పను," అంది. ఆ తరువాత నాతో మాట్లాడలేదు. నేను ఫోన్ చేయలేదు.

మేఘనకు ఆ సాయంత్రమే చెప్పాను, వాళ్ళ ఇంటి ముందు, కారు పక్కన నిలబడి. అది విని, "సో అమ్మ రాంగ్ కాదా?" అంది.

"తెలియదమ్మా," అన్నాను.

"తెలియదు అంటే?"

"నేను చూడలేదు. అందుకని ఎవరికీ తెలియదు."

ఆ పిల్ల నన్ను కొత్తవాణ్ణి చూసినట్టు చూసింది. అంకుల్ అనలేదు. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఎస్సే ఏం చేసిందో నాకు తెలియదు. అడిగే హక్కు లేదు.

ప్రొఫెసర్ పుస్తకం వేసిన ప్రచురణ సంస్థకు జరిగింది జరిగినట్టు రాసి, నా పేరుతో పంపాను. వాళ్ళు సరిచేస్తారో లేదో చూడాలి. దానికి జత చేయడానికి పాత మ్యాపు మళ్ళీ తెరిచాను. ఇన్నేళ్ళ తరువాత. వాగు ఇవతల, దుంగ ఉండి ఉంటుందనుకున్న చోట నా గీతను తెంపాను. అక్కడి నుంచి కొన చుట్టూ చెరిపేసి, చుక్కలు పెట్టాను. చాలా నెమ్మదిగా పెట్టాను. ఆ పాత నావికులు చేసిన పనే మళ్ళీ చేశాను, అంతే. వాళ్ళకు అది ఒక పూట పని.

నా మనసు తేలికపడిందా అని మీరు అడగొచ్చు. పడలేదు. కానీ కాళ్ళు ఒకచోట ఆగాయి. ఆ దుంగ దగ్గర. పొగమంచు అలాగే ఉంది. ముందు నీళ్ళ చప్పుడు. వాగు అవతల నడుమెత్తు గోడ ఉందో, ఉత్త గులకరాళ్ళే ఉన్నాయో, ఊరు తప్ప పేరు మిగలని ఒక మనిషి అక్కడ పాడుతూ రాళ్ళు మోశాడో లేదో నాకు తెలియదు.

నేను చూడలేదు.